పత్తి దారంతో ముడిపడిన రెండు ప్రాంతాలు: తొలినాటి అమెరికా పారిశ్రామికీకరణ - ప్రాంతీయ ఆర్థిక వ్యత్యాసాలు (1790-1860)

వ్యాససంగ్రహం:
స్వతంత్ర దేశంగా అవతరించిన తొలి ఏడు దశాబ్దాలలో అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర, దక్షిణ ప్రాంతాల మధ్య ఆర్థిక వ్యత్యాసం ఎలా పెరిగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉత్తరాది పారిశ్రామికమనీ, దక్షిణాది వ్యవసాయికమనీ, ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయనీ చెప్పడం పరిపాటి. అయితే నూలు మిల్లు, పత్తి తోట ఒకదానినొకటి పోషించుకుంటూనే ఎదిగాయి. లాభం ఏ ప్రాంతంలో ఏ రూపంలో స్థిరపడిందన్న అంశమే వ్యత్యాసానికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1816 సుంకం చట్టం, లోవెల్ మిల్లులు, బానిసల కోసం నేసిన ముతక బట్ట, 1828-33 నాటి సుంకాల వివాదం ఇందుకు ప్రధాన ఆధారాలు. సందర్భవశాత్తు తెలుగు నేలకు సంబంధించిన బట్టల వర్తకం, పత్తి వర్తకం కూడా ప్రస్తావనకు వస్తాయి.

కీలకపదాలు: పారిశ్రామికీకరణ, ప్రాంతీయ వ్యత్యాసం, పత్తి, బానిసత్వం, రక్షణ సుంకం, లోవెల్, వేతన శ్రమ.

1. ఉపోద్ఘాతం:
1790లో అమెరికాలో తొలి జనాభా లెక్కలు జరిగాయి. అప్పటికి ఆ దేశ జనాభా సుమారు 39 లక్షలు. అందులో 6,97,681 మంది బానిసలు. నూటికి 95 మంది గ్రామీణ ప్రాంతాల్లోనే జీవించేవారు. అత్యధిక జనాభా గల రాష్ట్రం దక్షిణాదిలోని వర్జీనియా. బానిసత్వం దక్షిణాదికే పరిమితమై లేదు. ఉత్తరాదిలోని న్యూయార్క్ రాష్ట్రంలోనే 21 వేలకు పైగా బానిసలు ఉండేవారు. నాటి లెక్కలు చూసినవారికి దేశమంతటా వ్యవసాయమే కనిపిస్తుంది. ప్రాంతాల మధ్య తేడాలు ఉన్నప్పటికీ అవి అగాధంగా మారలేదు.

1860 నాటికి పరిస్థితి పూర్తిగా మారిపోయింది. దేశంలోని సుమారు 30 వేల మైళ్ల రైలు మార్గంలో దక్షిణాది వాటా మూడోవంతుకు లోపే. వస్తూత్పత్తిలో ఆ ప్రాంతం వాటా దాదాపు పదోవంతు. అదే కాలంలో బానిసల సంఖ్య 39,53,760కి చేరింది. ఆ మరుసటి సంవత్సరమే దేశం అంతర్యుద్ధంలోకి జారింది.

ఏడు దశాబ్దాలలో ఇంతటి తేడా ఎలా ఏర్పడింది? శీతోష్ణస్థితి, నేల స్వభావం, ప్రజల మనస్తత్వం వంటి కారణాలు చెప్పేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. చరిత్ర బోధనలో ‘పారిశ్రామిక ఉత్తరం, వ్యవసాయిక దక్షిణం’ అనే జంటపదాలు సూత్రప్రాయంగా స్థిరపడ్డాయి. ఈ సూత్రం 1860 నాటి స్థితిని కొంతవరకు వర్ణిస్తుంది, కానీ ఆ స్థితి ఎలా వచ్చిందో వివరించదు. పైగా ఒక ప్రాంతపు వెనుకబాటును ఆ ప్రాంతపు స్వభావంగా చూపి, దాని వల్ల మేలు పొందిన ప్రాంతాన్ని చర్చ నుంచి తప్పిస్తుంది. మిల్లుల చరిత్రలో బానిసల శ్రమకు చోటు లేకుండా చేస్తుంది. కనుక ఈ సూత్రాన్ని పునఃపరిశీలించడం అవసరం.

2. మిల్లు, జిన్ను - మూడేళ్ల వ్యవధి:
యంత్రాలతో నూలు వడికే విద్య 18వ శతాబ్ది చివరలో బ్రిటన్ గుత్తసొత్తు. యంత్రాలనూ వాటి నమూనాలనూ ఎగుమతి చేయడం, నిపుణులైన పనివారు విదేశాలకు వెళ్లడం అక్కడి చట్టాల ప్రకారం నిషిద్ధం. శామ్యూల్ స్లేటర్ అనే యువకుడు ఇంగ్లండులో నూలు మిల్లు నిర్వహణ నేర్చుకొని, యంత్రాల నిర్మాణాన్ని జ్ఞాపకంలో దాచుకొని 1789లో అమెరికా చేరాడు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్ వద్ద బ్లాక్‌స్టోన్ నది నీటి శక్తితో 1790 డిసెంబరులో అతని యంత్రాలు తిరగడం మొదలుపెట్టాయి. తొలి పనివారు 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు.

స్లేటర్‌కు అండగా నిలిచిన వర్తకుడు మోజెస్ బ్రౌన్. ఆయన క్వేకర్ మతస్థుడు. తన బానిసలను 1773లోనే విడుదల చేసి, బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాడినవాడు. ఆయన సోదరుడు జాన్ బ్రౌన్ మాత్రం బానిస వ్యాపారాన్ని సమర్థించి, అందులో పాలుపంచుకున్నాడు. ఈ అన్నదమ్ముల విభేదం ప్రసిద్ధమే. అయితే మోజెస్ పెట్టుబడితో మొదలైన పరిశ్రమ విస్తరించే కొద్దీ దానికి ముడిసరుకు కావలసివచ్చింది. ఆ ముడిసరుకును పండించింది బానిసలే. వ్యక్తి నైతికతకూ ఆర్థిక వ్యవస్థ నడకకూ మధ్య ఉన్న ఈ ఎడం ఆ కాలమంతటా కనిపిస్తుంది.

దక్షిణాది తీరప్రాంతంలో పొడవు పింజ పత్తి పండేది. దాని గింజలను తేలికగా వేరుచేయవచ్చు. రెండు రోలర్ల మధ్య పత్తిని నడిపి గింజను వెలికితీసే సాధనం భారతదేశంలో శతాబ్దాలుగా వాడుకలో ఉంది. అటువంటి సాధనం పొడవు పింజకు సరిపోయింది. లోతట్టు ప్రాంతాల్లో పండే పొట్టి పింజ పత్తి గింజను గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది. ఒక మనిషి రోజంతా శ్రమించినా ఒక పౌను పత్తిని శుభ్రపరచడమే గగనం. 1793లో జార్జియాలోని ఒక తోటలో బస చేసిన ఇలై విట్నీ ఈ సమస్యకు పరిష్కారంగా పళ్ల చక్రంతో పనిచేసే జిన్నును తయారుచేశాడు. 1794లో దానికి పేటెంటు లభించింది. దానితో రోజుకు సుమారు 50 పౌన్ల పత్తి శుభ్రపడేది.

ఫలితం వెంటనే కనిపించింది. 1790లో సుమారు 15 లక్షల పౌన్లుగా ఉన్న అమెరికా పత్తి దిగుబడి 1800 నాటికి సుమారు 3.5 కోట్ల పౌన్లకు పెరిగింది. గింజ తీయడానికి పట్టే శ్రమ తగ్గింది గాని దున్నడానికి, కలుపు తీయడానికి, పత్తి ఏరడానికి పట్టే శ్రమ తగ్గలేదు. సాగు విస్తరించే కొద్దీ ఆ శ్రమకు గిరాకీ పెరిగింది. శ్రమను ఆదా చేసే యంత్రం బానిస శ్రమను మరింత లాభదాయకం చేసింది. ఉత్తరాది మిల్లు, దక్షిణాది జిన్ను మూడేళ్ల వ్యవధిలో పుట్టడం ఒక విధంగా యాదృచ్ఛికమే. కానీ ఆ తరువాత వాటి పెరుగుదల పరస్పరాశ్రితం.

3. 1816 సుంకం - భారతీయ బట్టకు మూసిన తలుపు:
దేశీయ పరిశ్రమలకు ప్రభుత్వ ప్రోత్సాహం కావాలని ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1791 డిసెంబరులో కాంగ్రెసుకు నివేదిక సమర్పించాడు. థామస్ జెఫర్సన్ వంటివారు స్వతంత్ర రైతుల దేశాన్ని ఆశించారు. ఈ వాదాన్ని చివరికి పరిస్థితులే మలుపు తిప్పాయి. 1807 నాటి ఓడల నిషేధ చట్టం, 1812-15 నాటి బ్రిటన్ యుద్ధం విదేశీ సరుకుల రాకను అడ్డుకున్నాయి. వర్తకంలో చిక్కుకున్న పెట్టుబడి మిల్లులవైపు మళ్లింది. దేశీయ పరిశ్రమ అవసరాన్ని 1816 నాటికి జెఫర్సన్ కూడా అంగీకరించాడు.

బోస్టన్ వర్తకుడు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ బ్రిటన్ మిల్లులను సందర్శించి మరమగ్గం పనితీరును పరిశీలించాడు. పాల్ మూడీ అనే యంత్రనిపుణుని సహాయంతో వాల్తమ్‌లో 1814 నాటికి పత్తి విప్పడం మొదలు బట్ట నేయడం వరకు అన్ని దశలనూ ఒకే కప్పు కింద నిర్వహించే మిల్లును స్థాపించాడు. యుద్ధం ముగియగానే బ్రిటిష్ బట్టతో పాటు భారతీయ ముతక బట్ట కూడా అమెరికా రేవులకు వరదలా వచ్చింది. సేలం, బోస్టన్, ఫిలడెల్ఫియా ఓడలు స్వాతంత్ర్యానంతర కాలం నుంచే కలకత్తా, మద్రాసు రేవులతో వర్తకం చేసేవి. వాటిలో బెంగాలు తెల్లబట్ట ముఖ్యం. కోరమాండల్ తీరపు రుమాళ్లు, రంగుబట్టలు కూడా అక్కడ పరిచితమే.

1816 సుంకం చట్టంలో ఒక నిబంధన ప్రత్యేకంగా గమనించదగినది. నూలు బట్టపై సుంకం నూటికి 25. అయితే చదరపు గజం 25 సెంట్లకంటే తక్కువ ధర పలికే బట్టను కూడా 25 సెంట్ల విలువగలదిగానే లెక్కించాలి. అంటే ఎంత చవక బట్టకైనా గజానికి 6.25 సెంట్ల సుంకం తప్పదు. గజం 25 సెంట్ల నాణ్యమైన బట్టకు ఇది నాలుగోవంతు భారం. 6.25 సెంట్ల ముతక బట్టకు ధరతో సమానమైన భారం. చట్టంలో భారతదేశం పేరు చెప్పనక్కరలేకుండానే భారతీయ చవక బట్ట అమెరికా విపణి నుంచి తొలగిపోయింది. వాల్తమ్ మిల్లు నేసే ముతక బట్టకు సరిగ్గా ఆ చోటే కావాలి.

ఈ చట్టాన్ని ఎవరు బలపరిచారు, ఎవరు వ్యతిరేకించారు అన్నది ప్రాంతీయ చరిత్రకు కీలకం. బిల్లును నడిపించిన విలియం లౌండ్స్, సభలో గట్టిగా సమర్థించిన జాన్ సి. కాల్హౌన్ ఇద్దరూ దక్షిణ కరోలినా ప్రతినిధులు. ఓడ వర్తకుల ప్రయోజనాలకు ప్రతినిధిగా ఉన్న డేనియల్ వెబ్‌స్టర్ ఉత్తరాదివాడై ఉండి కూడా దాన్ని వ్యతిరేకించాడు. భారతీయ బట్టలో భారతీయ పత్తి ఉంటుందనీ, అమెరికా మిల్లు దక్షిణాది పత్తిని కొంటుందనీ లోవెల్ దక్షిణాది నాయకులను ఒప్పించాడు. 1816లో మిల్లు యజమాని, తోట యజమాని ఒకే పక్షాన నిలిచారు. ప్రాంతీయ వైరం ప్రకృతిసిద్ధం కాదనడానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

4. లోవెల్ పట్టణం - వేతన శ్రమ:
ఫ్రాన్సిస్ లోవెల్ 1817లో మరణించాడు. అతని భాగస్వాములు మెరిమాక్ నదిపై సుమారు 32 అడుగుల ఎత్తు నుంచి నీరు దూకే చోట 1822లో కొత్త కంపెనీ స్థాపించి, ఆ చోటికి అతని పేరు పెట్టారు. 1826లో పట్టణ హోదా పొందిన లోవెల్ జనాభా 1840 నాటికి సుమారు 21 వేలకు చేరింది. ఒకప్పటి పొలాల మధ్య కాలువలు, మిల్లులు, వసతిగృహాలు వెలిశాయి.

న్యూ ఇంగ్లండు రైతు కుటుంబాల యువతులు ఇక్కడి ప్రధాన శ్రామికులు. రోజుకు 12 గంటలకు పైగా పని. కంపెనీ వసతిగృహంలో నివాసం, క్రమశిక్షణ. దీనికి ప్రతిగా నగదు వేతనం. స్త్రీలకు నగదు వేతనం అరుదైన కాలంలో ఇది గణనీయమైన మార్పు. ఆ వేతనంలో కొంత ఇంటి అప్పు తీర్చింది, కొంత సోదరుల చదువుకు వెళ్లింది, కొంత పట్టణపు దుకాణాల్లో ఖర్చయింది. 1840 నుంచి 1845 వరకు ఈ యువతుల రచనలతోనే ‘లోవెల్ ఆఫరింగ్’ అనే పత్రిక వెలువడింది.

వేతన శ్రమలో సంఘర్షణ కూడా ఉంది. వేతనాల కోతకు నిరసనగా 1834లోను, వసతి రుసుము పెంపుకు నిరసనగా 1836లోను యువతులు పని మానుకొని వీధుల్లోకి వచ్చారు. 1840లలో సారా బాగ్లీ నాయకత్వాన పదిగంటల పనిదినం కోసం శాసనసభకు విజ్ఞాపనలు పంపారు. 1836 సమ్మెలో తాము బానిసలుగా ఉండబోమని వారు ఎలుగెత్తారు. వారి మగ్గాలపైకి వచ్చిన పత్తి మాత్రం బానిసలు ఏరినదే. విజ్ఞాపన రాసే హక్కు, పని వదిలి వెళ్లే హక్కు లోవెల్ యువతికి ఉన్నాయి. మిసిసిపీ తోటలోని స్త్రీకి ఆ రెండూ లేవు. రెండు ప్రాంతాల ఆర్థిక భవిష్యత్తును వేరుచేసిన గీత ఇక్కడ కనిపిస్తుంది.

5. పత్తి రాజ్య విస్తరణ:
పత్తికి కొత్త నేల కావాలి. జార్జియా, అలబామా, మిసిసిపీ ప్రాంతాల నల్లని సారవంతమైన నేలలు చెరోకీ, క్రీక్, చాక్టా, చికసా జాతుల నివాసభూములు. 1830లో చేసిన చట్టం ఆధారంగా ఆ జాతులను మిసిసిపీ నదికి ఆవలికి తరలించారు. ఆ ప్రయాణంలో వేలాదిమంది మరణించారు. ఖాళీ అయిన నేల తోటలుగా మారింది.

నేల తరువాత మనుషులు. విదేశాల నుంచి బానిసల దిగుమతి 1808 నుంచి నిషిద్ధం. కనుక వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత పొగాకు రాష్ట్రాల నుంచి కొత్త పత్తి రాష్ట్రాలకు అంతర్గత బానిస వ్యాపారం పెరిగింది. 1790-1860 మధ్య సుమారు 10 లక్షల మంది ఈ విధంగా తరలింపబడ్డారని చరిత్రకారుల అంచనా. తల్లిబిడ్డలు, భార్యాభర్తలు విడిపోవడం ఈ వ్యాపారంలో నిత్యకృత్యం. పత్తి పండని వర్జీనియా కూడా ఈ మార్గంలో పత్తి ఆర్థిక వ్యవస్థలో భాగమైంది.

1860 నాటికి పత్తి దిగుబడి సుమారు 40 లక్షల బేళ్లకు చేరింది. దేశపు ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. 1858లో సెనేటర్ జేమ్స్ హామండ్ పత్తిని రాజుగా అభివర్ణించడంలో దక్షిణాది నాయకుల ఆత్మవిశ్వాసం కనిపిస్తుంది. అప్పటికి ఆ ప్రాంతం పేదది కాదు. దాని సంపద ఏ రూపంలో ఉందన్నదే ప్రశ్న.

6. ముతక బట్ట చెప్పే సంగతి:
ఉత్తర దక్షిణాల అనుబంధం పత్తి బేలుతో ముగియలేదు. తోట యజమాని తన పంటను న్యూఆర్లియన్స్‌లోనో, చార్ల్‌స్టన్‌లోనో ఉన్న కమీషన్ వర్తకునికి అప్పగించేవాడు. రాబోయే పంట హామీపై ఆ వర్తకుడు అప్పు ఇచ్చేవాడు. ఆ అప్పు వెనుక న్యూయార్క్, లండన్ పెట్టుబడి ఉండేది. పత్తిని లివర్‌పూల్ చేర్చే ఓడల్లో అధికభాగం ఉత్తరాదివారివి. బీమా, హుండీ, కమీషన్ రుసుములు ఉత్తరాది రేవుల్లో నిలిచేవి. 1861 జనవరిలో న్యూయార్క్ నగర మేయర్ ఫెర్నాండో వుడ్ తమ నగరం కూడా సమాఖ్య నుంచి విడిపోయే సంగతి ఆలోచించాలని సూచించాడంటే ఆ నగరానికి పత్తి వర్తకం ఎంత ముఖ్యమో ఊహించవచ్చు.

ఈ అనుబంధాన్ని అన్నిటికంటె నగ్నంగా చూపే వస్తువు ఒక ముతక బట్ట. బానిసలకు ఏడాదికి ఇంత అని కొలిచి ఇచ్చే ఉడుపుల కోసం తయారైన ఈ బట్టను ఆనాటి వర్తకులు ‘నీగ్రో క్లాత్’ అనే పేరుతోనే అమ్మేవారు. దీన్ని నేసిన మిల్లులు అనేకం రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఉన్నాయి. పీస్‌డేల్‌లోని హజార్డ్ కుటుంబపు మిల్లు వాటిలో ప్రసిద్ధం. బానిసత్వాన్ని క్రమంగా రద్దుచేసుకున్న రాష్ట్రంలో, వేతనం తీసుకొనే శ్రామికులు, వేతనం లేనివారి కోసం బట్ట నేశారు. బానిసల పాదరక్షలు, వారు వాడే పలుగులు, గొడ్డళ్లు కూడా ఉత్తరాది నుంచి వెళ్లేవి. దక్షిణాది తోట ఉత్తరాది పరిశ్రమకు ముడిసరుకు క్షేత్రమే గాక విపణి కూడా.

ఈ బట్టకు పూర్వచరిత్ర ఉంది. కోరమాండల్ తీరంలో నేసిన నూలు బట్టలు 17, 18 శతాబ్దాల్లో ఐరోపా కంపెనీల ద్వారా పశ్చిమ ఆఫ్రికా చేరి, అక్కడ మనుషుల కొనుగోలుకు మారకపు సరుకుగా ఉపయోగపడ్డాయి. ‘గినీ బట్టలు’ అన్న వర్తకనామం ఆ గమ్యాన్నే సూచిస్తుంది. తన బట్ట ఎక్కడికి వెళుతుందో, దేనికి మారకమవుతుందో తీరాంధ్ర నేతగానికి తెలిసే అవకాశం లేదు. బానిసను కొనడానికి ఒక తీరపు బట్ట, ఆ బానిస సంతతికి తొడగడానికి మరో తీరపు బట్ట అక్కరకు వచ్చాయి.

1848లో మసాచుసెట్స్ నాయకుడు చార్ల్స్ సమ్నర్ కొరడా ప్రభువులకూ మగ్గం ప్రభువులకూ మధ్య పొత్తు ఉందని బహిరంగంగా ఆరోపించాడు. ఆ మాట కేవలం వక్తృత్వ చమత్కారం కాదని పై వివరాల వల్ల తెలుస్తుంది.

7. వ్యత్యాసం ఎక్కడ స్థిరపడింది?
రెండు ప్రాంతాలూ ఒకే పత్తి మీద లాభం పొందినప్పుడు ఒకటి పరిశ్రమల నెలవుగా, మరొకటి తోటల నెలవుగా ఎందుకు మిగిలాయి? లాభం తిరిగి దేనిలోకి వెళ్లిందో చూస్తే సమాధానం దొరుకుతుంది.

ఉత్తరాదిలో లాభం యంత్రాల్లోకి, కాలువల్లోకి, రైలు మార్గాల్లోకి, బ్యాంకుల్లోకి వెళ్లింది. 1825లో పూర్తయిన ఈరీ కాలువ 363 మైళ్ల పొడవున హడ్సన్ నదిని ఈరీ సరస్సుతో కలిపింది. బఫలో నుంచి న్యూయార్క్‌కు టన్ను సరుకు రవాణా ఖర్చు సుమారు 100 డాలర్ల నుంచి 10 డాలర్లలోపుకు పడిపోయింది. మిసిసిపీ మీదుగా దక్షిణానికి ప్రవహించే పశ్చిమ ధాన్యంలో నానాటికీ పెద్ద భాగం తూర్పుకు మళ్లింది. మసాచుసెట్స్‌లో 1837లో విద్యామండలి ఏర్పడి సార్వత్రిక పాఠశాలలకు బాట వేసింది. వేతనం తీసుకొనేవాడు కొనుగోలుదారు కూడా. అతని చుట్టూ దుకాణం, అచ్చుకూటం, పట్టణం పెరుగుతాయి.

దక్షిణాదిలో లాభం మరింత నేలలోకి, మరింతమంది మనుషుల కొనుగోలులోకి వెళ్లింది. 1860 నాటికి బానిసల విపణి విలువ దేశంలోని రైలు మార్గాలు, కర్మాగారాలు అన్నిటిలోని పెట్టుబడిని మించింది. యజమాని లెక్కపుస్తకంలో అది ఆస్తి. కానీ ఆ ఆస్తి వంతెనగా, బడిగా, యంత్రంగా కనిపించదు. పత్తి ధర బాగున్నంతకాలం ఈ పెట్టుబడి లాభదాయకమే. యజమాని మూఢుడై పరిశ్రమను కాదనలేదు, తన లెక్క ప్రకారం లాభసాటి మార్గాన్నే ఎంచుకున్నాడు. వ్యక్తికి లాభించిన ఆ లెక్క ప్రాంతాన్ని ఒకే పంటకు కట్టిపడేసింది. బానిసకు వేతనం లేదు కనుక విపణి పెరగలేదు. వర్జీనియాలో 1831లోను, దక్షిణ కరోలినాలో 1834లోను బానిసలకు చదువు చెప్పడాన్ని చట్టాలు నిషేధించాయి. జనాభాలో మూడోవంతుకు అక్షరం నిషిద్ధమైన చోట నైపుణ్యం విస్తరించడం ఎలా సాధ్యం?

దక్షిణాదిలో పరిశ్రమ అసాధ్యమేమీ కాదు. విలియం గ్రెగ్ 1840లలో దక్షిణ కరోలినాలోని గ్రానిట్‌విల్ వద్ద పేద శ్వేతజాతీయుల శ్రమతో నూలు మిల్లు స్థాపించి నడిపాడు. రిచ్‌మండ్‌లోని ట్రెడెగర్ ఇనుప కర్మాగారం జాతీయస్థాయిలో పేరుపొందింది. అక్కడ 1847లో శ్వేతజాతి కార్మికులు సమ్మె చేసినప్పుడు యజమాని జోసెఫ్ ఆండర్సన్ బానిసలతో పని కొనసాగించాడు. నేల, నీరు, నైపుణ్యం, యంత్రం అన్నీ అక్కడ సాధ్యమేనని ఈ రెండు ఉదాహరణలు చూపుతాయి. బానిసత్వం కర్మాగారంలోకి కూడా ప్రవేశించి వేతన శ్రామికుని బేరసారాల శక్తిని హరించగలదని రెండోది చూపుతుంది. దక్షిణాది శ్వేత కుటుంబాల్లో దాదాపు నాలుగింట మూడువంతుల వారికి 1860లో బానిసలు లేరు. ‘దక్షిణాది ప్రయోజనం’ అని నాయకులు చెప్పినది ఆ ప్రాంత ప్రజలందరి ప్రయోజనం కాదు.

8. సుంకాల వివాదం - తారుమారైన పక్షాలు:
1824లో సుంకాలు పెరిగాయి. 1828లో మరింత పెరిగాయి. ప్రత్యర్థులు ఈ రెండో చట్టాన్ని ‘అసహ్యకరమైన సుంకం’ అన్నారు. అప్పటికి మసాచుసెట్స్ పెట్టుబడి ఓడల నుంచి మిల్లులకు మళ్లింది. 1816లోను, 1824లోను సుంకాన్ని వ్యతిరేకించిన వెబ్‌స్టర్ 1828లో సమర్థించాడు. 1816లో సమర్థించిన కాల్హౌన్ ఉపాధ్యక్షునిగా ఉంటూనే తన పేరు లేకుండా దక్షిణ కరోలినా నిరసన పత్రాన్ని రచించాడు. పుష్కరకాలంలో ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు.

దక్షిణాది ఫిర్యాదులో నిజం లేకపోలేదు. వారు పత్తిని ప్రపంచ విపణిలో రక్షణ లేకుండా అమ్ముకొని, రక్షణ సుంకంతో ధర పెరిగిన సరుకులను కొనవలసివచ్చేది. వంద బేళ్లలో నలభై బేళ్లు సుంకం రూపంలో పోతున్నాయని జార్జ్ మక్డఫీ వాదించాడు. ఆ లెక్క అతిశయోక్తి అయినా ప్రజల్లో బలంగా నాటుకుంది. 1832 నవంబరులో దక్షిణ కరోలినా సమావేశం సుంకం చట్టాలు తమ రాష్ట్రంలో చెల్లవని ప్రకటించింది. డిసెంబరులో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ దాన్ని రాజ్యాంగ విరుద్ధమని ఖండించాడు. 1833 మార్చిలో హెన్రీ క్లే రాజీ సుంకంతో పాటు బలప్రయోగానికి అధికారమిచ్చే చట్టం కూడా వచ్చింది. తగాదా తాత్కాలికంగా చల్లారింది.

ఈ వివాదంలో ఒక మౌనం ఉంది. తోట యజమాని తన సంపదను ఉత్తరాది దోచుకుంటున్నదన్నాడు. ఆ సంపదను సృష్టించినవారి వాటా ఎంత అన్న ప్రశ్న ఆ ఫిర్యాదులో లేదు. ఉత్తరాది మిల్లు యజమాని స్వేచ్ఛాశ్రమ గొప్పదనం చెప్పాడు. తన ముడిసరుకు ఏ శ్రమతో వస్తున్నదో చెప్పలేదు. ప్రాంతం పేరిట జరిగే వాదనలో ప్రాంతంలోపలి అసమానతలు కనుమరుగవుతాయి. సుంకం లెక్కల కింద బానిసత్వ భవిష్యత్తును గురించిన భయం ఉందని కాల్హౌన్ ఎరుగును. తరువాతి దశాబ్దాలలో పశ్చిమ భూభాగాల్లో బానిసత్వం విస్తరించాలా వద్దా అన్న ప్రశ్నగా ఆ భయం బయటపడింది. సుంకం విషయంలో సాధ్యమైన రాజీ అక్కడ సాధ్యం కాలేదు.

9. ముగింపు:
1861లో యుద్ధం మొదలై దక్షిణాది రేవులు దిగ్బంధానికి గురికాగా లాంకషైర్ మిల్లులు పత్తి లేక మూతపడ్డాయి. బ్రిటన్ భారతీయ పత్తివైపు చూసింది. ఇక్కడ పత్తి ధర అమాంతం పెరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని నల్లరేగడి జిల్లాలకు కూడా ఆ గిరాకీ తాకింది. గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవు పేరిట ‘కోకనాడా’ అనే వర్తకనామం పొందింది. యుద్ధానంతరం అమెరికా పత్తి తిరిగి విపణికి రాగానే ధరలు పడిపోయాయి. 1816లో అమెరికా విపణి భారతీయ బట్టను వెలివేసింది. అర్ధశతాబ్దం తరువాత ఐరోపా విపణి భారతీయ పత్తిని ఆహ్వానించింది. బట్ట అమ్మే నేల పత్తి అమ్మే నేలగా మారే క్రమం ఈ రెండు సంఘటనల మధ్య కనిపిస్తుంది. ప్రాంతీయ వ్యత్యాసం ఒక దేశపు సరిహద్దులో ఆగేది కాదు.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. 1790లో అమెరికా ఉత్తర, దక్షిణ ప్రాంతాల మధ్య ఉన్న తేడాలు అగాధంగా మారడానికి పరస్పర ఆర్థిక సంబంధమే ప్రధాన కారణం. మిల్లు, తోట ఒకే వ్యవస్థలోని రెండు అంగాలు.
2. లాభం యంత్రాలు, రవాణా, విద్య, వేతనాల రూపంలో స్థిరపడిన ప్రాంతం వైవిధ్యం పొందింది. మనుషులపై యాజమాన్య రూపంలో స్థిరపడిన ప్రాంతం సంపన్నమై కూడా ఒకే పంటకు కట్టుబడింది.
3. సుంకం విషయంలో కాల్హౌన్, వెబ్‌స్టర్‌ల పక్షాలు తారుమారు కావడం వల్ల, ‘ప్రాంతీయ ప్రయోజనం’ అనేది స్థిరమైన సత్యం కాదనీ, పెట్టుబడి చలనాన్ని అనుసరించి మారేదనీ తెలుస్తుంది.
4. ప్రాంతాల మధ్య పంపకాన్ని గురించిన వాదన ప్రాంతంలోపలి శ్రామికులను విస్మరించే ప్రమాదం ఉంది.

తరగతి గదిలో ‘పారిశ్రామిక ఉత్తరం, వ్యవసాయిక దక్షిణం’ అని చెప్పేటప్పుడు రోడ్ ఐలండ్ మిల్లులో నేసిన ముతక బట్టను కూడా విద్యార్థుల ముందు ఉంచడం సమంజసం. ఆ బట్టకు పత్తి ఎక్కడిది, నేసినవారెవరు, కట్టుకున్నవారెవరు, లాభం ఎవరికి చేరింది అన్న నాలుగు ప్రశ్నలు వేస్తే ఆ సూత్రం చెప్పకుండా వదిలిన చరిత్ర వారి ముందు నిలుస్తుంది.